ఎడమచేతి రింగులు

దెయ్యాల విషయంలో మా కాలనీలో నాకన్నా పెద్ద నాస్తికుడు లేడు. దేవుడితో కాస్త సర్దుకుపోతాను గానీ దెయ్యాలతో ఎప్పుడూ సర్దుకోలేదు. రైల్వే కాలనీలో పెరిగినవాణ్ణి. మనుషులందరికీ మూడు షిఫ్టులుంటే ఈ దెయ్యాలు మాత్రం నైట్ డ్యూటీయే ఎందుకు చేస్తాయి, ఓవర్‌టైమ్ ఏమన్నా ఇస్తున్నారా అని అడిగి, చాలామంది పెద్దవాళ్ళ కథలు సగంలో పాడుచేశాను.

నాకు జరిగింది మాత్రం పట్టపగలు. మధ్యాహ్నం పన్నెండు దాటింది, పక్కింట్లో రేడియో మోగుతోంది, నా ఎదురుగా సాక్షి కూడా ఉన్నాడు. వేరేవాళ్ళెవరైనా చెబితే నవ్వేవాణ్ణి. చెప్పాల్సింది నేనే కాబట్టి నవ్వడానికి ఎవరూ మిగల్లేదు.

నా చదువు ఏడో తరగతి. అక్కడ చదువూ నేనూ ఒకరినొకరం ఇబ్బంది పెట్టుకోకుండా విడిపోయాం. మా నాన్న శ్రీకాకుళం నుంచి రాయపూర్ రైల్వేకి ఖలాసీగా వచ్చాడు. నేను రేకుల పని నేర్చుకుని, ఊరి పక్కన ఉర్లాలో ఫ్యాక్టరీలు లేచాక అక్కడొక షెడ్డులో కుదిరాను. రేకు మడవడం, వెల్డింగు, బోల్టులకి మర కొయ్యడం నా పని.

మా తెలుగువాళ్ళు దసరాకి కాలనీ మైదానంలో సాము చేసేవారు. ముందు కర్రసాము, చివర్న ‘కోట పోరు’. పాతకాలపు రాజులిద్దరు కవచాలు తొడుక్కుని కత్తీ డాలుతో తలపడతారు. ఒకడు కోట కాచుకునే రాజు, ఒకడు మీదకొచ్చే రాజు. కోట రాజు ఓడిపోవాలి. ఓడిపోవడానికి ఎవరూ ముందుకు రాకపోయేసరికి ఆ వేషం నాకిచ్చారు. పరీక్షలప్పటి నుంచీ అలవాటే కాబట్టి నేను కాదనలేదు.

కత్తులు వెదురువి. మూడు బద్దలు కలిపి కట్టి, సైకిల్ ట్యూబు చుట్టి, పైన తోలు కుట్టేవాళ్ళం. మోత రావాలి, తల పగలకూడదు. దెబ్బలకి వరుస ఉంటుంది. మొత్తం ఎనిమిది. ఏడింటిని నేను డాలుతో కాసుకుంటాను. ఎనిమిదోది నా ఎడమ చంక కింద పడుతుంది. దాంతో కోట పోతుంది, నేను నేలమీద పడతాను, జనం చప్పట్లు కొడతారు.

నా మొదటి కవచం నూనెడబ్బా రేకుతో చేశాను. దెబ్బ పడితే పెళ్ళి బ్యాండులా మోగింది. వీపు మీద నూనె మిల్లు వాళ్ళ వేరుశనక్కాయ బొమ్మ గోకినా పోలేదు. ఆ ఏడాదంతా కాలనీలో నా పేరు పల్లీ మహారాజ్.

తర్వాతి ఏడు పెళ్ళయింది. మా ఆవిడ పేరు సత్యవతి, నాకు సత్తి. శ్రీకాకుళం సముద్రపొడ్డు పిల్ల. వాళ్ళ నాన్న వలలు అల్లేవాడు. ఆమె వెనకే తమ్ముడు సింహాచలం వచ్చి నా షెడ్డులోనే చేరాడు. రెండేళ్ళు తిరక్కుండా మీదకొచ్చే రాజు వేషం వాడిదైంది. అప్పట్నుంచి ప్రతి దసరాకీ సొంత బావమరిదే నన్ను చంపేవాడు.

పెళ్ళయిన కొత్తలో సత్తిని రాయపూర్ మ్యూజియంకి తీసుకెళ్ళాను. అద్దం వెనక ఒక పాత గొలుసు కవచం వేలాడుతోంది, మొత్తం ఇనప రింగులతో అల్లిన చొక్కా. మిగతా జనం రెండు క్షణాలు చూసి కదిలారు. ఈమె అద్దానికి ముక్కు ఆనించి నిలబడిపోయింది. కాపలావాడు వచ్చి, “ఆగే బఢో బహెన్‌జీ, ఖరీద్‌నా హై క్యా?” అన్నాడు.

“ఏటంటన్నాడు?” అంది.

“కొంటావా అంటున్నాడు.”

“కొనక్కర్లేదు. ఇది వలే కదా మావా. ఒకో కన్నంలోంచి నాలుగు కన్నాలు పోతన్నాయి, అంతే. నువ్వు తీగ తే, నాను అల్లీస్తాను.”

అన్నట్టే అల్లేసింది. రెండేళ్ళు పట్టింది. ఎలా చేశామో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దీనిమీదే ఉంది.

ఇనప తీగని కడ్డీకి స్ప్రింగులా చుడతాం. స్ప్రింగుని నిలువునా కోస్తే రింగులు రాలతాయి. ఒక్కో రింగునీ నాలుగు రింగుల్లోంచి దూర్చి, రెండు కొసలూ ఒకదాని మీదకొకటి ఎక్కేలా ప్లయర్‌తో నొక్కాలి. సత్తిది ఎడమచేతి వాటం. మా అమ్మ పోరు పడలేక అన్నం కుడిచేత్తో తినేది గానీ, మిగతా ప్రపంచాన్నంతా ఎడమచేత్తోనే నడిపేది. నేను చుట్టిన తీగ ఒకవైపు తిరిగితే ఆమె చుట్టింది ఎదురువైపు తిరిగేది. బోల్టుకి కుడి మర, ఎడమ మర ఉన్నట్టే. బోల్టుని తలకిందులు చేసినా కుడి మర ఎడమ మర అయిపోదు కదా, రింగూ అంతే. కొసని గోటితో తడిమితే చాలు, అది నా చేతిదో ఆమె చేతిదో తెలిసిపోతుంది.

సాయంత్రాలు అదే మాకు ఆట. నా కళ్ళు మూసి వేలు రింగు మీద పెట్టేది.

“ఇది ఎవులిది?”

“అందంగా ఉంటే నాది.”

“అలాగైతే ఈ సొక్కాలో నీది ఒక్కటీ లేదు మావా.”

ఎనిమిదో దెబ్బ ఎప్పుడూ ఒకేచోట పడేది కాబట్టి ప్రతి దసరాకీ చంక కింద కొన్ని రింగులు ఊడిపోయేవి. మర్నాడు పొద్దున్నే సత్తి వరండాలో పీట వేసుకుని, కోసిన రింగులున్న ఊరగాయ సీసా పక్కన పెట్టుకుని బాగుచేసేది. తమ్ముడు వస్తే తిట్టేది. “గెలిసినోడివి నువ్వు జిలేబీలు తింటావు, ఓడినోడి సొక్కా నాను అతకాలేటి?” ఏళ్ళు గడిచేసరికి ఆ అరచేయంత మేర పూర్తిగా ఆమె చేతి రింగులే అయిపోయాయి. నావి ఒక్కొక్కటే ఊడిపోయాయి. ఆమెవి ఏడాదికి ఒకటో రెండో ఊడేవి.

తొంభైల మొదట్లో ఒక దసరాకి సింహాచలం కత్తి బద్ద విరిగి రింగుల్లో ఇరుక్కుంది. దాన్ని లాగితే చంక కింద పెద్ద బొక్కే పడింది. సత్తి తెగిన రింగులన్నీ తీసేసి, అంచు శుభ్రం చేసి, మళ్ళీ అల్లడానికి కూర్చునేలోపు జ్వరం తగిలింది. కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రిలో చేర్పించాం.

అక్కడ మంచం మీద ఆమె అడిగింది ఇల్లూ వంటా కాదు.

“సంక కింద అలాగే వొగ్గీసినాను మావా. నాను వొచ్చి అల్లుతాను. నువ్వు మాత్రం ముట్టుకోకు. నీ రింగులు నిలవవు.”

“ఓడిపోయేవాడికి చొక్కా ఎందుకే, బొక్క ఉంటే గాలాడుతుంది” అన్నాను.

నవ్వింది. మూడోరోజు పోయింది. నేను ఎన్నో జోకులు వేశాను గానీ, వెనక్కి తీసుకోవాలనిపించింది ఆ ఒక్కటే. ఆ మాట బదులు ఇంకేదైనా అనాల్సింది. ఏమనాలో ఇప్పటికీ తెలియదు.

మహాదేవ్ ఘాట్‌లో ఆమె అస్థికలు ఖారూన్ నదిలో కలిపినప్పుడు ఆ ఊరగాయ సీసా కూడా పట్టుకెళ్ళాను. ఇంట్లో ఎవరి చెయ్యి తగిలినా అది గలగలమనేది, ఆమె వరండాలో ఉందనిపించేది. నీళ్ళ మీద సీసా వంచి, ఆమె కోసి పెట్టుకున్న రింగులన్నీ పోసేశాను. సింహాచలం నా పక్కనే మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాడు. సీసా ఖాళీ అయిందని వాడే తీసుకుని కడిగాడు.

చొక్కాని తుప్పు పట్టకుండా వరి ఊక నింపిన గోనెసంచిలో పెట్టి, ఇనప పెట్టెలో దాచి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకి కట్టుకున్నాను. ఒక్కటే చెవి. రెండోది పెట్టె కొన్నప్పుడే పోయింది.

రెండు దసరాలు నేను కోట పోరుకి వెళ్ళలేదు. నా వేషం ఇంకెవరికో ఇచ్చారు. నా అంత బాగా ఎవరూ ఓడిపోలేకపోయారని అన్నారు. ఎప్పుడు రమ్మన్నా, “చొక్కాకి బొక్కుంది, దెబ్బ తగులుతుంది” అనేవాణ్ణి. బాగుచేయించమంటే సత్తి ముట్టుకోవద్దంది అనేవాణ్ణి. అది నిజమే గానీ, మొత్తం నిజం కాదు. అప్పుడప్పుడు ఆదివారం మధ్యాహ్నం పెట్టె తెరిచి, ఊక దులిపి, ఆ బొక్కలో చెయ్యి పెట్టేవాణ్ణి. నాలుగు వేళ్ళు దూరేవి. వస్తాను, అల్లుతాను అన్నదిగా. ఆ ఖాళీ ఉన్నంతకాలం ఆమె ఇంకా పని మధ్యలో ఉన్నట్టే నాకు.

మూడో ఏడు వానలు మొదలైనప్పుడు ఊక మార్చాను. బొక్క అలాగే ఉంది. ఇది బాగా గుర్తుంది, ఎందుకంటే అంచు రింగుకి నా వేలు గీసుకుని రక్తం వచ్చింది. తర్వాత పెట్టె తెరవలేదు.

దసరా ఇంకా వారం ఉందనగా సింహాచలం షిఫ్టు నుంచి సరాసరి మా ఇంటికొచ్చాడు. అన్నం కూడా వద్దన్నాడు.

“బావా, ఈసారి నువ్వు రాపోతే నానూ దిగను. నీతో కాకపోతే దెబ్బ ఎయ్యబుద్ధి కాదు నాకు.”

“చొక్కాకి బొక్కుందిరా.”

“ఆ బొక్క ఎంతుందో ఓసారి సూపించు. నేకపోతే నాటకాలాడతన్నావని అందరికీ సెప్పీస్తాను.”

కోపంగానే తాళం తీశాను. సంచి బయటికి లాగింది వాడు. చొక్కా రెండు చేతులా పైకెత్తి దులిపాడు. ఊకంతా వరండాలో రాలింది. ఎండ వెలుతురుకి పట్టి చూసి, “బొక్కేది?” అన్నాడు.

ఇంకో వైపు చూస్తున్నాడనుకున్నాను. కాదు. ఎడమ చంక కిందే పట్టుకుని ఉన్నాడు. అక్కడ ఖాళీ లేదు. రింగులున్నాయి, నాలుగేసి కలిసి, వరుస తప్పకుండా.

“ఎవులు అల్లీసినారు బావా?”

గోటితో ఒక కొస తడిమాను. ఎడమ. పక్కది తడిమాను. ఎడమ. అన్నీ తడిమాను. ఇంకో విషయం సింహాచలమే చూపించాడు. ఊకలో దాచిన చొక్కా అంతా మెరుస్తోంది. ఆ అరచేయంత మేర రింగుల మీద మాత్రం సన్నటి తుప్పు పొర ఉంది, నీళ్ళలో నానిన ఇనుములా.

వాడు ఆ తుప్పు మీద చెయ్యి వేసి, “అప్పా” అని ఒక్కసారి అన్నాడు. వాడు అక్కని అలాగే పిలిచేవాడు.

నేను ఊరుకోలేదు. ముందు వాణ్ణే అనుమానించాను. వాడిది కుడిచెయ్యి. వాడు నొక్కిన రింగు ఎలా ఉంటుందంటే, దాన్ని చూపించి పిల్లల్ని భయపెట్టొచ్చు. మా షెడ్డులో ఎడమచేతి వాటం వాడు ఒక్కడున్నాడు. వాడిచేత అల్లించి చూశాను, చుట్టు సరిగ్గానే తిరిగింది గానీ కొస నలిగింది. పెట్టెకి గీత లేదు, తాళం మీద గాటు లేదు. నిద్రలో నేనే చేశానేమో అనుకుని ఎడమచేత్తో తీగ చుట్టబోయాను. కడ్డీ జారి నా పాదం మీద పడింది. కుంటుతూ ఆ అనుమానం కూడా వదులుకున్నాను.

చెప్పుకోవడానికి ఇంక సాకు లేదు. దసరా నాడు చొక్కా తొడుక్కుని మైదానంలోకి దిగాను. ఏడు దెబ్బలు కాసుకున్నాను. ఎనిమిదో దెబ్బని సింహాచలం ఆపకుండా వేశాడు. మోత వచ్చింది. నేను పడ్డాను. పడ్డప్పుడు ముందు వరసలో ఆమె కూర్చునే చోటువైపు చూడటం అలవాటు. చూశాను. అక్కడ ఎవరిదో పాప బుడగ పట్టుకుని కూర్చుంది.

ఇంటికొచ్చి చొక్కా విప్పి చూశాను. ఒక్క రింగూ ఊడలేదు. అన్నేళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు. మర్నాడు వరండాలో చెయ్యడానికి పనేమీ లేదు.

అది నాకు ఎంత దెబ్బో ఎవరికీ చెప్పలేదు. అందరూ నాది అదృష్టమన్నారు. వస్తానంది, వచ్చింది, అల్లింది, పూర్తి చేసి వెళ్ళిపోయింది. నన్ను పలకరించకుండా. నేను షెడ్డులో ఏ రేకు మడుస్తున్నానో అప్పుడు.

తర్వాతి ఏడూ రింగులు ఊడలేదు. ఆ పైయేడూ ఊడలేదు. అప్పుడు నేను చెయ్యకూడని పని చేశాను. ప్లయర్ తీసుకుని, ఆమె రింగులు ముట్టుకోకుండా, వాటి పక్కన ఉన్న నావి కొన్ని విప్పేశాను. నాలుగు వేళ్ళు దూరేంత. చొక్కా ఊకలో పెట్టి తాళం వేశాను. పెట్టె పక్కన పీట వేశాను. సింహాచలం కడిగి తెచ్చిన ఆ ఊరగాయ సీసా, ప్లయర్, పీటకి ఎడమవైపు పెట్టాను.

సింహాచలం చూశాడు. వెళ్ళేటప్పుడు, “బావా, ప్లయర్‌కి కాస్త నూనె రాయి. అప్పకి బిగుతుగా ఉంటే నచ్చదు” అన్నాడు.

ఇప్పటికీ నేను దెయ్యాలని నమ్మను. ఎవరైనా కథ మొదలుపెడితే నైట్ డ్యూటీ జోకు వేస్తూనే ఉంటాను. ఆ రింగులు ఎవరు అల్లారో, నది పాలైన తీగ తాళం వేసిన పెట్టెలోకి ఎలా వచ్చిందో నా ఏడో తరగతి బుర్రకి అందలేదు. అందినవాళ్ళుంటే చెప్పండి, వింటాను.

మొన్న ఆదివారం కూడా పెట్టె తెరిచాను. ముందు కళ్ళు మూసుకుంటాను, ఆట అలాగే కదా. ఊకలోకి చెయ్యి పోనిచ్చి, చంక కింద వెతికి, మెల్లగా వేళ్ళు పెట్టాను.

నాలుగూ దూరిపోయాయి.