ప్రేమమ్మ వేలు, వంద బాతుపిల్లలు

కోడూరు ప్రేమమ్మ బాతుల వెంట నడిచిన దూరమంతా కలిపితే, చంద్రుడి దాకా వెళ్ళి, అక్కడ చేలూ నీళ్ళూ లేవని తెలిసి, విసుక్కుంటూ వెనక్కి వచ్చినంత అవుతుంది. దివిసీమలో ఈ లెక్కను కాదన్నవాళ్ళు లేరు, వేసి చూసినవాళ్ళూ లేరు. ఏడో ఏట ఆమె చేతికి కర్ర వచ్చింది. అప్పటి నుంచి వరికోతలు కాగానే నాలుగైదు వందల బాతులను, రాలిన గింజలు మేపుకుంటూ, అవనిగడ్డ మీదుగా గుడివాడ దాకా తోలుకుపోవడమే ఆమె బతుకు. ఆమె దగ్గితే చాలు, బాతులు కాన్వెంటు సిస్టర్‌ను చూసిన పిల్లల్లా నోరు మూసుకుని వరుసలో నిలబడేవి.

యాభై నాలుగో ఏట మోకాళ్ళు మొరాయించాయి. ఇక చేలల్లో నడక కుదరదని బందరులో డాక్టరు తేల్చేశాడు.

"ఇంట్లో కూర్చోవే. బాతుల్ని నేను చూసుకుంటాలే," అన్నాడు భర్త ఎలీషా.

"కూర్చోవడానికి నేనేమన్నా గుడ్లు పొదుగుతున్నానా?" అంది ప్రేమమ్మ.

బాతులు లేని రోజు ఎలా గడుస్తుందో ఆమెకు తెలియదు, తెలుసుకునే ఉద్దేశమూ లేదు. నడవకుండా బాతులతో చేసే పని కోసం వెతికి, బస్సెక్కి, గుడివాడ శివార్లలో కృష్ణచైతన్య నడిపే బాతుల హేచరీకి వెళ్ళింది. అక్కడ పిల్లలను పుట్టిన మర్నాడే అమ్మేస్తారు. కొనేవాళ్ళు గుడ్ల కోసం ఆడపిల్లలనే అడుగుతారు. ఆ వయసులో ఏది ఆడో ఏది మగో చూపుకు అందదు.

"నేను చెబుతానండీ," అంది ప్రేమమ్మ. "మెడ ఛాతీలో కలిసేచోట వేలు పెడితే, మగదానికి మిరియం గింజంత గట్టిగా తగులుద్ది. ఆడదానికి తగలదు. మా అమ్మ నేర్పింది. నన్ను ఏరే పనిలో పెట్టుకోండి."

కృష్ణచైతన్య నవ్వాడు. "కళ్ళు మూసుకుని చెప్పినా సగం సరిపోతాయి ప్రేమమ్మా. బొమ్మా బొరుసూ వేసినా అంతే."

అతని చెల్లెలి కూతురు భవిత అక్కడే ఉంది. కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠం చెబుతుంది.

"అలాగే అనుకుందాం మావయ్యా," అంది. "ఈవిడకి ఏమీ తెలియదనే అనుకుని మొదలుపెడదాం."

ప్రేమమ్మకు కోపం వచ్చింది. "ముఖం మీదే ఏమీ తెలియదంటావేంటి అమ్మాయీ?"

"అనుకుందాం అన్నానండీ, తెలియదని అనలేదు. ఏమీ తెలియనివాళ్ళు వంద పిల్లలకి చెబితే యాభై దాకా సరిపోతాయి. అదృష్టం బాగుంటే ఇంకో నాలుగైదు. అరవై, ఆపైన రావడం నూటికి మూడుసార్లు కూడా జరగదు. మీకు అరవై వచ్చాయంటే, ఏమీ తెలియదన్న మాటని మేమే వెనక్కి తీసుకోవాలి."

"తీసుకుందురుగాని," అంది ప్రేమమ్మ, చీర కుచ్చిళ్ళు దోపుకుంటూ.

ఆ రోజే వంద పిల్లల కాళ్ళకు నంబర్లున్న రింగులు తొడిగారు. ప్రేమమ్మ ఒక్కొక్కదాన్నీ పట్టుకుని ఆడో మగో చెప్పింది, భవిత పుస్తకంలో రాసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. మిగతా పిల్లలను తీసుకెళ్ళే వ్యాను బయట ఆగి ఉందని కృష్ణచైతన్య మధ్యలో తొందరపెడుతూనే ఉన్నాడు. నిజం తేలాలంటే రెండు నెలలు ఆగాలి. అప్పటికి ఆడబాతు ఊరంతా వినపడేలా అరుస్తుంది, మగది జలుబు చేసినట్టు బొంగురుగా అంటుంది.

రెండు నెలల్లో రోగం కొన్నింటిని, గద్ద కొన్నింటిని తీసుకుపోయింది. మిగిలినవి ఎనభై ఎనిమిది. వాటిలో ప్రేమమ్మ చెప్పినవి సరిపోయింది యాభై ఎనిమిదింటికి.

"అరవై అన్నాం, రాలేదు. అయిపోయింది," అన్నాడు కృష్ణచైతన్య.

"గద్ద ఎత్తుకుపోయినవి కూడా ఈవిడ తప్పేనా మావయ్యా? బాతులు తగ్గితే మనం పెట్టుకున్న అరవై గీత కూడా కిందికి దిగుతుంది. ఎనభై ఎనిమిదికి అదే లెక్కన చూస్తే యాభై నాలుగు చాలు. ఊరికే ఊహించి యాభై ఎనిమిది తెచ్చుకోవాలంటే వెయ్యిసార్లలో రెండు మూడుసార్లకి మించి కుదరదు. ఈవిడకి తెలుసు."

కృష్ణచైతన్య గడ్డం గోక్కున్నాడు. "తెలుసు, ఒప్పుకున్నాను. కానీ నూటికి అరవై ఆరు నాకెందుకు? ఆడపిల్లలని చెప్పి అమ్మి, మూడోవంతు మగవైతే జనం నన్ను కొడతారు. ఎనభైకి పైన వస్తేనే పని."

భవిత పుస్తకం మూయబోయింది. ఆ మాటలో న్యాయం ఉంది.

"ఆ పుస్తకం వరసగా చదువమ్మాయీ," అంది ప్రేమమ్మ.

భవిత చదివింది. మొదటి యాభై రింగుల్లో నలభై నాలుగు బతికితే, ముప్పై ఆరు సరిపోయాయి. తరవాతి యాభైలోనూ నలభై నాలుగే బతికాయి, సరిపోయింది మాత్రం ఇరవై రెండు. సరిగ్గా సగం.

"చూశావా! యాభై పిల్లలయ్యాక నా వేలు మొద్దుబారిపోయింది. ఈయనేమో వ్యాను, వ్యాను అని ఒకటే గోల. మధ్యలో ఆగి, గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి ముంచుకుంటే తప్పేది కాదు."

"అయ్యుండొచ్చు," అంది భవిత. "కానీ అది ఫలితం చూశాక చెప్పిన మాట. ఏ బాతుల్ని చూసి ఆ మాట అన్నారో వాటితోనే దాన్ని రుజువు చేయకూడదు. కొత్తవి కావాలి, ఇంకో రెండు నెలలు కావాలి."

"రెండు నెలలా!" అన్నాడు కృష్ణచైతన్య.

"నలభై ఏడేళ్ళు నడిచినదాన్ని," అంది ప్రేమమ్మ. "రెండు నెలలు కూర్చోలేనా? కొత్త వంద తీయించండి."

ఈసారి కొట్టిపారేయాల్సిన మాట వేరే: నూటికి ఎనభైకి మించి సరిగ్గా చెప్పడం ప్రేమమ్మ వల్ల కాదు, అని. ఎనభై వరకే తెలిసినవాళ్ళకీ అదృష్టం కొద్దీ ఇంకొన్ని కలిసిరావచ్చు కాబట్టి, వందా బతికితే ఎనభై ఎనిమిది రావాలని, తగ్గితే గీత ఎక్కడికి దిగుతుందో కూడా ముందే రాసి భవిత గోడకు అంటించింది. ప్రేమమ్మ పాతికకోసారి ఆగింది. ఆగిన ప్రతిసారీ కళ్ళు మూసుకుని చెయ్యి నీళ్ళలో పెట్టుకుంది. కృష్ణచైతన్య వాచీ చూసుకున్నాడే గాని నోరు తెరవలేదు.

రెండు నెలల తరవాత తొంభై నాలుగు బాతులు మిగిలాయి. గోడ మీద కాగితం ప్రకారం ఎనభై మూడు రావాలి. ఒక్కొక్కదాన్నీ బుట్టలోంచి తీసి అరిపించారు. ఎనభై మూడోది సరిపోయినప్పుడు భవిత పెన్ను ఆగింది. ప్రేమమ్మ మాత్రం తరవాతి బాతు కోసం చెయ్యి చాపింది. లెక్క పూర్తయ్యేసరికి ఎనభై ఆరు.

కృష్ణచైతన్య గోడ మీది కాగితం రెండుసార్లు చదివాడు. "సరే ప్రేమమ్మా. రేపటి నుంచి పనిలోకి వచ్చేయ్."

"రేపు కాదండీ, ఎల్లుండి," అంది ప్రేమమ్మ. అప్పటికే ఒక పెద్ద బాతును ఒళ్ళో పడుకోబెట్టుకుని దాని మెడ కింద వేలితో తడుముతోంది. "రేపంతా నేను తప్పు చెప్పిన ఈ ఎనిమిదింటితో పనుంది."