అంకెలంటే భయపడే పిల్లతో పొందూరు ప్రయాణం

మా అమ్మాయి ధరణికి నాలుగున్నరేళ్లు. ఒకటి నుంచి వంద దాకా ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. ఈ మధ్య లెక్కల పుస్తకం తీస్తే చాలు, మంచం కిందికి దూరడం మొదలుపెట్టింది. వేసవిలో ట్యూషన్ పెట్టించకపోతే పై తరగతికి పంపడం కష్టమని విజయనగరంలో తను చదివే బడివాళ్లు చెప్పారు. దానికి ఒప్పుకునే ముందు ఒకసారి మా పిన్ని దగ్గరికి తీసుకెళ్దామనిపించింది. పిన్ని పొందూరు దగ్గర ఒక పల్లెలో చాలా ఏళ్లుగా అంగన్‌వాడీ నడుపుతోంది.

విజయనగరం నుంచి పొందూరుకు ప్యాసింజరు బండిలో గంట దాకా పడుతుంది. టికెట్టు ముప్పై రూపాయలకు మించదు. స్టేషను బయట షేర్ ఆటోలు ఉంటాయి, మేం ఎక్కిన ఆటోలో మనిషికి ఇరవై తీసుకున్నారు. పాపతో ఎక్కడికని డ్రైవరు అడిగితే, అంగన్‌వాడీకి అన్నాను.

"మీ ఊళ్లో బడికెళ్లదేటి?"

"వెళ్తుంది. అక్కడా చూద్దామని."

"ఇంత సిన్నపిల్లకి ఒక బడి సాలదేటమ్మా!" అని నవ్వాడు.

అంగన్‌వాడీ అంటే ఒక గది, ముందు వరండా. వచ్చిన ప్రతి పిల్లా గుమ్మం దగ్గరి గిన్నెలో ఒక చింతపిక్క వేసి లోపలికి వస్తోంది. ఎంతమంది వచ్చారో ఆ పిక్కలే చెబుతాయి. లోపల కొందరు చీపురు పుల్లల ముక్కల్ని పొట్టివాటి నుంచి పొడుగువాటి వరకు వరుసగా పేర్చుతున్నారు. వరండాలో ఒక చెంబు, నీళ్ల బకెట్టు, కొబ్బరి చిప్ప పెట్టి, "సెంబు నిండాలంటే ఎన్ని సిప్పలు పడతాయర్రా?" అని పిన్ని అడిగింది. ఒకరు నాలుగన్నారు, ఒకరు వందన్నారు. తప్పు అనే మాట పిన్ని నోట రాలేదు. "పోసి సూడండి" అంది. పోసి చూస్తే ఏడు పట్టాయి. వందన్న పిల్లే అందరికంటే గట్టిగా నవ్వింది.

"నువ్వేటంటావే?" అని పిన్ని ధరణి వైపు తిరిగింది. ధరణి మొహం ఎర్రబడింది. లేచి వరండా చివరికి పోయి, గోడకు ముఖం ఆనించి ఏడవసాగింది. నేను లేవబోతే పిన్ని చెయ్యి పట్టి ఆపింది.

"నువ్వు కూకోయే. అప్పలమ్మ సూసుకుంటాది."

అప్పలమ్మ అక్కడి ఆయా, వంట చేస్తుంది. పొయ్యి దగ్గర నుంచి వచ్చి ధరణి పక్కన చతికిలబడింది.

"ఎందుకేడుస్తన్నావు తల్లీ?"

గోడ వైపే చూస్తూ ధరణి అంది, "తప్పు చెప్తే స్టార్ తీసేస్తారు."

బడిలో ఇచ్చే స్టార్ల సంగతి ధరణి మాకు ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

"ఇక్కడ స్టార్లు నేవమ్మా. పప్పున్నాది, గుడ్డున్నాది. రా, పళ్లేలు ఎయ్యి."

పిల్లలు భోజనానికి వరసగా కూర్చున్నారు. అప్పలమ్మ ఇచ్చిన పళ్లేల్ని ధరణి ఒక్కొక్కరి ముందు ఒక్కొక్కటి పెట్టుకుంటూ వెళ్లింది. చివర్లో పళ్లేలు అయిపోయాయి, పిల్లలు మిగిలారు. "నాకేదీ?" అని ఒకడు అరిచాడు. ధరణి మిగిలినవాళ్లను చూసి అప్పలమ్మ దగ్గరికి వెళ్లి, "ఇంకా రెండు" అంది. అప్పలమ్మ మూడు ఇచ్చింది. కావాలని ఇచ్చిందో, చూసుకోకుండా ఇచ్చిందో తెలియదు. ధరణి మూడోది తిరిగి ఇచ్చేస్తూ, "ఇది ఎక్కువ" అంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అప్పలమ్మ పప్పు వడ్డించడం మొదలుపెట్టింది.

సాయంత్రం బండికి తిరిగొచ్చాం. ట్యూషన్ పెట్టించలేదు. బడికి వెళ్లి స్టార్ సంగతి అడిగితే, అందరికీ ఒకటే పద్ధతి అన్నారు. అదే తరగతిలో ఇంకో ఏడాది ఉన్నా ఫరవాలేదని, మా పిల్లకు మాత్రం స్టార్లు ఇవ్వనూ వద్దు, తియ్యనూ వద్దని చెప్పి వచ్చాను. కాగితం మీది అంకెల్ని ధరణి ఇప్పటికీ తడబడుతూనే చదువుతుంది. కానీ మంచం కిందికి దూరడం మానేసింది. నాకు తెలిసినంతలో, ముందు తీరాల్సింది లెక్క కాదు, భయం.

మీరూ ఇలా వెళ్లాలనుకుంటే టీచరుకు ముందుగా ఫోను చేసి, సరేనన్నాకే వెళ్లండి. పిల్లల భోజనాలు అయ్యేదాకా మాత్రం కదలకండి.