ఖాళీ బండి బ్రేకు

మాది వెనక తొట్టి ఉన్న చిన్న గూడ్సు బండి. మా ఆయన ఇంట్లోనే జీన్సు గుడ్డ కటింగ్ చేస్తాడు. ఆ ముక్కల మూటలను కురుగోడు వైపు కుట్టుపని చేసే ఇళ్లకు నేను చేరవేస్తాను. ఆయనకు బండి రాదు. నేర్చుకోబోయిన ప్రతిసారీ మా ఊరి కౌల్ బజారులో ఆటోవాళ్లతో మాటామాటా పెంచుకుని ఇంటికొచ్చేవాడు. నాకు మా మామ, అంటే మా ఆయన నాన్న, నేర్పించాడు. మామ వయసంతా గనుల లారీ మీదే గడిచింది. నేర్పేటప్పుడు తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. తప్పు చేస్తే మాట్లాడకుండా కిటికీలోంచి బయటికి చూసేవాడు. తిట్టినా బాగుండేదనిపించేది.

పోయేటప్పుడు బండి నిండా లోడు, వచ్చేటప్పుడు ఖాళీ. ఒక సాయంత్రం తొలి చినుకులు పడుతుండగా ఖాళీ బండితో తిరిగి వస్తున్నాను. మలుపు దాటగానే ఒక బర్రె రోడ్డు మీదికి వచ్చింది. గట్టిగా బ్రేకు తొక్కాను. బండి ముందు భాగం ఆగబోయింది, వెనక భాగం మాత్రం వినలేదు. పక్కకు జారి, నన్ను దాటి ముందుకు పోతానన్నట్టు గిర్రున తిరిగింది. నేను తేరుకునేసరికి బండి ముఖం మళ్లీ కురుగోడు వైపే ఉంది. బర్రె తన దారిన తాను పోయింది. నాకు దెబ్బ తగల్లేదు గానీ, రోడ్డు పక్క చేలో కాసిన్ని మిరప మొక్కలు నలిగిపోయాయి.

ఈ కబురు నాకంటే ముందే మా వీధికి చేరింది. ఆడమనిషి కాలు బ్రేకు మీద పడితే ఇంతేనని ఒకరంటే, ఇంకా నయం ప్రాణాలతో వచ్చిందని మరొకరు. సైకిలు కూడా తొక్కడం రానివాళ్లు నాకు బ్రేకు ఎలా తొక్కాలో చెప్పారు. మా ఆయన ఏమీ అనలేదు. ఏమీ అననందుకు ఆయన మీదా కోపం వచ్చింది. మర్నాడు పొద్దున మామ బండి తాళం తీసి తన జేబులో వేసుకున్నాడు.

"కొన్నాళ్లు నేను తోల్తాలేమ్మా. నువ్వు పక్కన కూచ్చో," అన్నాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. మామకు ఒక కంటిలో శుక్లం ముదిరింది, రెండోదీ మసకే. ఆపరేషన్ చేయించుకోమంటే ఎండలు తగ్గనీ అంటాడు, తగ్గితే వానలు పోనీ అంటాడు. ఎదురుగా బస్సు వస్తే ముందు నేను చూసి "మామా, బస్సు" అనాలి. "సూస్తాండాలే," అనేవాడు. చూడలేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. రోజూ ఇల్లు చేరేదాకా ఇదే భయం. ఈయన ఎవరినో గుద్దేస్తాడు, లేకపోతే ఈయనకే ఏదో అవుతుంది. తాళం ఇటివ్వమని అడుగుదామంటే, నా కాలి మీద నాకే నమ్మకం పోయి ఉంది.

కానీ ఒక సంగతి మాత్రం మింగుడుపడలేదు. అదే రోడ్డు మీద లోడుతో అంతకంటే గట్టిగా తొక్కిన రోజులున్నాయి. అప్పుడు బండి బుద్ధిగా, తిన్నగా ఆగింది. నా కాలు లోడుకు మంచిదీ, ఖాళీకి చెడ్డదీ ఎట్లా అవుతుంది?

ఒక మధ్యాహ్నం మామ భోంచేసి కునుకు తీస్తుండగా తాళం తీసుకుని ఊరి బయట ఖాళీగా పడి ఉన్న మట్టి నేలకు పోయాను. మెల్లగా నడిపి ఒక్కసారిగా బ్రేకు తొక్కి, దిగి చూశాను. ముందు చక్రాలు వచ్చిన దారిలో టైరు అచ్చు మట్టిలో చక్కగా పడి ఉంది. అంటే అవి తిరుగుతూనే ఆగాయి. వెనక చక్రాల దారిలో అచ్చే లేదు, నున్నటి చార ఉంది. అవి తిరగడం మానేసి ఊరికే ఈడ్చుకుంటూ వచ్చాయి. ఇంటికి పోయి మూటలు వేయమంటే మా ఆయన ఎందుకని కూడా అడక్కుండా ఎత్తి వేశాడు. ఆయన మీద కోపం కొంత తగ్గింది. లోడుతో మళ్లీ తొక్కి చూస్తే నాలుగు చక్రాల అచ్చులూ చక్కగా పడ్డాయి.

బస్సులో నిలబడి ప్రయాణం చేసినవాళ్లకు ఇందులో తెలియంది ఏమీ లేదు. బ్రేకు పడితే బరువంతా ముందుకు వాలుతుంది. బండికీ అంతే. ముందు చక్రాలు నేలను నొక్కిపెడతాయి, వెనకవి తేలికవుతాయి. తేలికైన చక్రాన్ని బ్రేకు గట్టిగా పట్టుకుంటే అది తిరగడం మాని జారుతుంది. ముందు చక్రాలు జారితే స్టీరింగు మాట వినదు గానీ బండి తిన్నగానే పోతుంది. వెనకవి జారితే బండే తిరిగిపోతుంది. అందుకే ముందు బ్రేకు ఎక్కువ పట్టాలి, వెనకది తక్కువ పట్టాలి. మూటల బరువున్నప్పుడు వెనక కొంచెం ఎక్కువ పట్టినా చెల్లుతుంది. మరి మా బండికి ఖాళీగా ఉన్నప్పుడూ వెనక అంత పట్టు ఎందుకు?

మామను నిద్ర లేపి తీసుకొచ్చి ఆ గుర్తులు చూపించాను. వంగి, వెనక చక్రం చారను వేళ్లతో తడిమాడు. తర్వాత బండి కిందికి తల పెట్టి చాలాసేపు చూశాడు. ఇరుసు దగ్గర ఒక చిన్న కడ్డీ ఉంటుంది. లోడుతో బండి కిందికి దిగితే అది కదిలి వెనక బ్రేకును పెంచుతుంది, ఖాళీ అయితే తగ్గిస్తుంది. ఆ కడ్డీ కదలకుండా, ఎప్పుడూ లోడున్నట్టే, ఇనప తీగతో బిగించి ఉంది.

"నేనే కట్టిస్తిని," అన్నాడు మామ. "మూటలు ఎక్కువ ఏసుకోని పోతాండావు. దిగుడు కాడ బ్రేకు సాలదేమోనని భయమాయ. కదలకుండా బిగించి పెట్టప్పా అని గ్యారేజీలో చెప్తిని."

"మరి ఇన్ని రోజులూ చెప్పలేదేం మామా?"

"నాకూ నీ కాలిదే తప్పు అనిపించెనమ్మా." తీగను వేలితో లాగి చూస్తూ అన్నాడు: "లోడుతో నువ్వు పోయేదే తలుస్తిని. ఖాళీగా తిరిగొచ్చేది మతికి రాలే."

కోపం రావాలి, వచ్చింది కూడా. అయితే ఆ ముఖం చూస్తూ దాన్ని నిలుపుకోలేకపోయాను. మూటలు దించేసి గ్యారేజీకి పోయి తీగ విప్పించి, కడ్డీని మళ్లీ సర్దించాం. ఖాళీ బండితో అదే నేలకు వచ్చాం. తాళం నా చేతికిచ్చి మామ పక్కన కూర్చున్నాడు. బండి కదిలింది గానీ, బ్రేకు మీద కాలు పెట్టాక తొక్కబుద్ధి కాలేదు.

"తొక్కమ్మా. నేనుండాను గదా."

తొక్కాను. బండి తిన్నగా ఆగింది.

తిరిగి వస్తూ మా వీధి మలుపు దగ్గర ఆపమన్నాడు.

"ఈడ దిగుతా. నువ్వు ఒక్కదానివే పో."

"ఇల్లు ఇంకా దూరముంది కదా మామా. చీకటి పడుతోంది."

"నేను పక్కన ఉంటే, మామ సూసుకుంటాండాడు కాబట్టి తోల్తాంది అంటారు. పో."

దిగి తలుపు వేశాడు. బండి వీధిలోకి తిప్పాను. అరుగుల మీద కూర్చున్నవాళ్లంతా మాటలు ఆపి నన్నే చూశారు. ఇన్నాళ్లూ ఆ చూపుల కోసమే కాచుకుని ఉన్నాను, తీరా వచ్చాక వాటి మీద మనసు పోలేదు. అద్దంలో చూస్తే, ఆ మసక చీకట్లో మామ గోడ పట్టుకుని, కాలితో నేల వెతుక్కుంటూ ఒక్కో అడుగూ వేస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది.