పాట ఒడిసేదాకా

నాందేడ్ మార్కెట్‌లో గునుగుపూల మోపులు దించేటప్పుడు వచ్చే పచ్చి వాసనకు నాకు ఇప్పటికీ కోపమే వస్తుంది. ఆ కోపం వెనకున్న సంగతి ఇన్నేళ్లూ రాయలేదంటే, నాకు అక్షరాలు రాకే. ధర్మాబాద్ దగ్గరి మా ఊళ్లో బడి మరాఠీవాళ్ల గల్లీలో ఉండేది. ఆ గల్లీలో మన ఆడపిల్ల అడుగు పెట్టొద్దని మా ఇంటి మగవాళ్లు తేల్చేశారు. ముసలితనంలో, నిజామాబాద్ నుంచి వచ్చిన కోడలు పక్కన కూర్చోబెట్టుకొని నేర్పింది.

మా తెలుగు గల్లీకీ వాళ్ల గల్లీకీ గొడవ కాలువ నీళ్ల గురించి. రెండు గల్లీల మగవాళ్లు ఎదురుపడితే ఉమ్మేసుకునేవారు. కానీ వానలు వెనకబట్టి జొన్న ఎదిగే రోజుల్లో తంగేడు మా బీళ్లలో, గునుగు వాళ్ల చేలల్లో విరగబూసేది. నేనూ, ఆ గల్లీ పిల్ల కమలా గట్టు మీద దొంగచాటుగా పూలు మార్చుకునేవాళ్లం. మా బతుకమ్మ, వాళ్ల భులాబాయి పండుగ ఒకే రోజుల్లో వచ్చేవి. మా ఇళ్లలో వేయించిన నువ్వులు, బెల్లం, రొట్టె నలిపి చేసే మలీదముద్దల వాసన. వాళ్ల పిల్లలు మట్టిబొమ్మల ముందు టిప్రీలనే చిన్న కోలలు కొడుతూ పాడి, మూతపెట్టిన డబ్బా ఊపితే లోపలి తినుబండారం ఏమిటో చప్పుడును బట్టి చెప్పేవారు. ఒక ఏడు రెండు ఆటలూ కలిపి ఆడదామని మేమే అనుకున్నాం. పెద్దల్ని అడగలేదు.

పొద్దుగూకే వేళ కమల వాళ్లు కోలలతో మా గల్లీలోకి వచ్చారు. మా చిన్నాయన చూశాడు.

"కట్టెలు పట్టుకొని అచ్చిన్రు, లెవ్వున్రిరా."

మగవాళ్లు గుతుపకర్రలు తీసుకొని బయటికొచ్చారు. మేం అప్పటికే బతుకమ్మ చుట్టూ తిరుగుతున్నాం. ఎత్తుకున్న పాటను నడుమ తెంపితే అరిష్టమని మా నమ్మకం, వాళ్లదీ అదే. కమల వచ్చి నా పక్కన నిలబడింది.

"థాంబూ నకో గ గంగూ, ఆపకు. ఆపితె కొడ్తరు," అంది నా చెవిలో.

మా పాట చివరికొస్తుంటే వాళ్లు మరాఠీలో అందుకున్నారు, వాళ్లది అయిపోతుంటే మేం తెలుగులో. ఇంతలో కమల తండ్రి తన మనుషులతో వచ్చి అవతలి పక్క నిలబడ్డాడు.

"పాట ఒడవనియ్, చెప్త నీ సంగతి," అన్నాడు చిన్నాయన. కమల తండ్రి మరాఠీలో అదే అన్నాడు.

"ఆడపోరల ముంగట గుతుపలు పట్టుకొని నిలవడ్డరు. బర్రెల పాలు సచ్చిన మీ అయ్యొచ్చి పిండుతడారా," అంది మా బాపమ్మ.

గొంతులు బొంగురుపోయినా మేం ఆపలేదు. పొదుగులు నిండిన బర్రెలు రెండు గల్లీల్లోనూ అరవసాగాయి. మగవాళ్లు తిట్టుకుంటూ ఒక్కొక్కరే కదిలారు. దెబ్బ పడలేదు, పొత్తూ కుదరలేదు. కమలను తండ్రి జబ్బ పట్టి ఈడ్చుకుపోయాడు. ఆ గల్లీకి పోతే కాళ్లు విరగ్గొడతానన్నాడు మా నాన్న.

ఇప్పుడు ఆ ఊళ్లో కోలలాట లేదు, గునుగు పూసే చేనూ లేదు. నాందేడ్‌లో నేనుండే కాలనీలో తెలుగువాళ్లొక డీజే, మరాఠీవాళ్లొక డీజే ఎదురెదురుగా పెట్టి ఒకరి చెవులు ఒకరు పగలగొట్టుకుంటారు. ఆ పెట్టెలకు ఆయాసం రాదు, ఎదుటివాళ్లు అందుకోవాల్సిన పని లేదు. వాటిని చూస్తే నాకు అసహ్యం.

అప్పట్లో, ఆ గొడవ మర్నాడు పొద్దున్నే, నాన్న చూస్తుండగానే, మరాఠీ గల్లీకి నడిచి కమల వాళ్ల గడప ముందు కూర్చున్నాను. వాళ్లమ్మ వాకిట్లో పేడనీళ్లు చల్లుతూ నా కాళ్ల మీదా చల్లింది. లేవలేదు. పోయిన గొంతుతోనే పాట ఎత్తుకొని, లోపలి నుంచి కమల అందుకునేదాకా పాడాను.