నూర్జహాన్ ఆంటీ చదివిన అగ్రిమెంటు

మా వీధి చివరి ఇంట్లో ఉదయం నుంచి టైల్స్ కోసే మిషను మోగుతోంది. కిటికీ మూసినా ఆ చప్పుడు పళ్ళ సందుల్లోకి దూరుతోంది. సన్నటి తెల్లపొడి గాలికి ఎగిరొచ్చి మా అరుగు మీద పడుతోంది. మిగతావాళ్ళు విసుక్కుంటున్నారు గానీ నాకు మాత్రం ఒక సంగతి తెలుసుకోవాలని ఉంది. ఆ ఇంటివాళ్ళు కాంట్రాక్టరుతో ఏం రాసుకుని ఉంటారు? అసలు ఏమైనా రాసుకున్నారా? ఎవరింటి మరమ్మతు చూసినా ఇలాంటి ప్రశ్న పుట్టే అలవాటు నాకు నూర్జహాన్ ఆంటీ వల్ల వచ్చింది.

ఆంటీ బందరు కోర్టులో కాగితాలు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మా పక్క వాటాలో ఒక్కరే ఉండేవారు. సన్నగా, పొడవుగా ఉండేవారు. ఏది చదివినా కళ్ళజోడు సర్దుకుని, చదువుతున్న వాక్యం కింద ఒక చెక్క స్కేలు పెట్టుకునేవారు. కింది వాక్యం ముందే కనపడితే పై వాక్యాన్ని సరిగ్గా చదవమట. పేపరైనా, మందుల సీసా మీది చీటీ అయినా అంతే. నాకది చాదస్తంగా అనిపించేది.

అప్పుడు మా నాన్న గుడివాడలో మా చెల్లెలింట్లో ఉన్నారు. జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టాక నా దగ్గరికి తెచ్చుకోవాలనుకున్నాను. నేను ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను కాబట్టి మందులూ పరీక్షలూ నాకు తేలిక. ఇబ్బందల్లా మా బాత్రూముతోనే. గడప ఎత్తు, తలుపు ఇరుకు, తడిస్తే కాలు నిలవని నేల. పెడన నుంచి వెంకటేశ్వరరావు అనే కాంట్రాక్టరు వచ్చి చూసి, ఒక పేజీ అగ్రిమెంటు టైపు చేయించి పంపాడు. దాన్ని పట్టుకుని అరుగు మీద కూర్చున్నప్పుడు ఆంటీ చూశారు.

"ఏంటమ్మా ఆ కాగితం?"

"బాత్రూము బాగుచేయించడానికి ఆంటీ. రేపు సంతకం పెట్టేస్తాను."

"ఒకసారి చదవనా? నేను చదివిన అగ్రిమెంట్లన్నీ గొడవలయ్యాక కోర్టుకొచ్చినవే. గొడవ కాకముందు అగ్రిమెంటు ఎలా ఉంటుందో చూడాలని ఎప్పట్నుంచో ఉంది."

ఆవిడ నవ్వులాటకి అన్లేదు. లోపలికెళ్ళి స్కేలు తెచ్చుకున్నారు. మొదటి వాక్యం పైకే చదివారు. "నాణ్యమైన టైల్స్‌తో బాత్రూము పూర్తిగా ఆధునీకరించి, అవసరమైన చోట హ్యాండిల్స్ బిగించి, త్వరితగతిన అప్పగించబడును." ఆగి, నా వైపు చూశారు. "అప్పగించబడును అన్నారు. ఎవరు అప్పగిస్తారు?"

"ఇంకెవరు? వెంకటేశ్వరరావుగారే."

"మరి ఈ వాక్యంలో ఆయన లేరే."

మళ్ళీ చూశాను. నిజంగానే లేడు. అందులో టైల్స్ ఉన్నాయి, హ్యాండిల్స్ ఉన్నాయి, చేసే మనిషి లేడు. 'త్వరితగతిన' అంటే ఏ తారీఖు? 'పూర్తిగా' అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా? పైపులు కూడానా? ఆంటీ తప్పులు పట్టే మనిషిలా అడగలేదు, కొత్త ఊళ్ళో దారి కనుక్కునే మనిషిలా అడిగారు. చివరికి స్కేలు ఒక మాట కింద ఆపారు. "అవసరమైన చోట హ్యాండిల్స్. ఎవరి అవసరం?"

"నాన్నదే."

"ఆయన ఏ చేత్తో పట్టుకుని లేస్తారు?"

నాకు తెలియలేదు. నాన్నకి ఫోన్ చేశాను.

"ఎడమ చేత్తోనమ్మా" అన్నారు నాన్న. "కుడి భుజం పైకి లేవదు. పడకముందు నుంచే అంతే."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదుగా." మళ్ళీ ఆయనే అన్నారు. "ఇక్కడ నేను పడతానేమోనని అల్లుడుగారు తలుపు దగ్గరే నిలబడతాడు. మంచోడే, కాదన్ను. కానీ తలుపు నా అంతట నేను వేసుకోగలిగితే చాలు పద్మా. ఇంకేం వద్దు."

అప్పటిదాకా నేను ఏ రంగు టైల్స్ బావుంటాయా అని ఆలోచిస్తున్నాను. తలుపు ఎటు తెరుచుకోవాలి, గడియ ఎంత ఎత్తులో ఉండాలి అన్నది నా తలకే రాలేదు. ఆ రోజు ఫోన్‌లో నాన్న చెప్పినవన్నీ ఆంటీ విడిగా రాసుకున్నారు.

మర్నాడు వెంకటేశ్వరరావు వచ్చాడు. కాగితం నిండా ఆంటీ గీసిన పెన్సిలు గీతలు చూడగానే మొహం మాడిపోయింది. "నా మీద నమ్మకం లేదా అండీ?"

"నమ్మకం లేకపోతే మీకు కబురే చేయం కదండీ" అన్నారు ఆంటీ టీ గ్లాసు అందిస్తూ. "ఒక్క మాట చెప్పండి. ఇలాంటి పనుల్లో మీకు దేనికి భయం?"

ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడిగినట్టు లేదు. టీ సగం తాగేదాకా మాట్లాడలేదు. ఆంటీ కూడా కదల్లేదు. "ఒకరింట్లో టైల్స్ అంటించాక రంగు బాలేదన్నారండీ. అంతా పీకి మళ్ళీ వేశాను, కూలీ నా నెత్తినే పడింది" అన్నాడు చివరికి. "ఇంకోచోట గోడ కొడితే లోపల పైపు పుచ్చిపోయి ఉంది. నేనే పగలగొట్టానన్నారు. ఆ మాట ఇంకా మర్చిపోలేదండీ."

"అయితే అవీ రాద్దాం" అన్నారు ఆంటీ.

అలా ఆ అగ్రిమెంటు మళ్ళీ మొదటి నుంచి తయారైంది. హ్యాండిల్స్ నాన్న ఎడమ చేతివైపు, గడియ ఆయనకి అందే ఎత్తులో బిగించాలి. టైలు ముక్క ముందే చూసి, దాని వెనక నేను సంతకం పెట్టాలి. ఆ తరువాత రంగు మార్చమనకూడదు. ఎంత పని అయితే అంతవరకే అతను డబ్బు అడగాలి. వానాకాలం వెళ్ళేలోగా నీరు కారితే వచ్చి బాగుచేయాలి. గోడ కొట్టాక లోపల ఏదైనా బయటపడితే ఇద్దరం చూసి, కాగితం మీద రాసుకున్నాకే ముట్టుకోవాలి. అగ్రిమెంటంటే ఎదుటివాణ్ణి కట్టిపడేసే తాడనుకునేదాన్ని. నా భయం పక్కన అతని భయాన్ని కూడా రాయవచ్చని మొదటిసారి చూశాను.

పని మొదలైన కొద్దిరోజులకే ల్యాబుకి ఫోనొచ్చింది. "మేడమ్, మీరొచ్చి చూసేదాకా పని ఆపేశాను" అన్నాడు వెంకటేశ్వరరావు. వెంటనే ఇంటికి వెళ్ళాను. తలుపు వెడల్పు చేయడానికి గోడ కొడితే, గుమ్మం మీద గోడ బరువు మోసే లింటల్ పెచ్చులూడింది. లోపలి ఇనుప చువ్వలు ఉప్పుగాలికి తుప్పు పట్టి, వేలితో తాకితే పొరలు పొరలుగా రాలుతున్నాయి. "పైన సిమెంటు పూసేస్తే కనపడదండీ, ఇంకొన్నేళ్ళు లాగుతుంది" అన్నాడు మేస్త్రీ. నాన్న వచ్చే రోజు దగ్గర పడింది. నాకూ సరే అనాలనిపించింది. నోరు తెరవబోతుంటే వెంకటేశ్వరరావే అడ్డం వచ్చాడు. "వద్దులే. దాని కిందనుంచి నడిచేది పెద్దాయన." జేబులోంచి పెన్ను తీసి ఇంకో కాగితం మీద తనే రాశాడు. "పాత లింటల్ తీసి కొత్తది నేను వేస్తాను." దానికయ్యే ఖర్చూ, ఆలస్యమయ్యే రోజులూ కింద వేశాడు. నేను సంతకం పెట్టాక ఆంటీకి చూపించాను. ఆవిడ స్కేలు కోసం వెళ్ళలేదు. "వాక్యంలోకి మనిషొచ్చాడు" అన్నారంతే.

నాన్న అనుకున్నదానికన్నా ఆలస్యంగా వచ్చారు. కాసేపు కూర్చుని, వాకర్ తోసుకుంటూ బాత్రూములోకి వెళ్ళారు. తలుపు మూసుకుంది. గడియ పడింది. నేను బయటే గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆంటీ వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఇక్కడ ఉండకూడదమ్మా. రా." ఇద్దరం అరుగు మీదికి వచ్చి కూర్చున్నాం. లోపల నీళ్ళ చప్పుడు ఆగుతూ, మళ్ళీ వస్తూ ఉంది. చాలాసేపటికి నాన్న తల దువ్వుకుని వచ్చి మా మధ్య కూర్చుని, "కాఫీ ఉందా?" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి పాలగిన్నె ముందు నిలబడి ఏడ్చాను.

ఆంటీ ఇప్పుడు లేరు. ఆవిడ వాటాలో వేరేవాళ్ళు ఉంటున్నారు. నేను కోర్టు మెట్లెక్కింది లేదు, ఆ తరువాత మళ్ళీ ఇల్లు బాగుచేయించిందీ లేదు. అయినా ఆవిడ ప్రశ్నలు రోజూ నాతో ల్యాబుకి వస్తాయి.

మొన్న ఒక పెద్దావిడ పరీక్షకి వచ్చింది. సముద్రం ఒడ్డు ఊళ్ళో చేపలు అమ్ముకుంటుందట. పరీక్షకి ఒప్పుకుంటున్నట్టు వేలిముద్ర వేయాల్సిన కాగితాన్ని చేతిలో పట్టుకుని ఎంతకీ వేయడం లేదు. వెనక వరస పెరుగుతోంది. కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగాను.

"దేనికమ్మా భయం? సూదికా?"

కాదన్నట్టు తల ఊపింది. నేను ఆగాను.

"రిపోర్టు ఎవరికి చెప్తారోనని" అంది మెల్లగా. "మావాళ్ళకి ముందే తెలిసిపోతే నన్ను పనికి పోనివ్వరు."

ఆ కాగితంలో 'ఫలితములు తెలియజేయబడును' అని ఉంది. ఎవరికో లేదు. పెన్ను తీసి ఆ మాట పక్కన రాసి, ఆవిడకి చదివి వినిపించాను.

"మీకే చెప్తాను. నేనే చెప్తాను."

ఆవిడ వేలు ముందుకు చాపింది.