పిల్లలు ఎటెల్తాయి?

సముద్రంలో చేపలు పట్టకుండా కాపాడాల్సిన చోట్లు ఎంచడానికి పరిశోధకులమంతా అరకులో కూర్చున్నాం. పటం మీద ఎవరెక్కడ గీత గీసినా, హుకుంపేటలో పుట్టిపెరిగిన మా మేడం అడిగేది ఒక్కటే: "మరి ఈ సేపల పిల్లలు ఎటెల్తాయి?"

నేను ఒకే పెద్ద వలయం గీశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళారు. పగిలిన బూరుగు కాయల్లోంచి దూది, గింజలతో సహా గాలికి లేచిపోతోంది. చెప్పులొదిలేసి దాని వెంట పరుగెత్తారు!

"సూడు! ఇత్తనం ఎగిరెల్తే దిగడానికి ఇంకో సోటుండాల. నీటిలో కొట్టుకెల్లే పిల్లలకీ అంతే!"

వలయం చెరిపి, తీరం పొడవునా చిన్నచిన్నవి గీశాం.

ఆ చోట్లలో వేట ఆపిన కొన్నాళ్ళకి, మొన్న రెండో వలయం దగ్గర నీళ్ళలో మునిగి చూస్తే, రాళ్ళ సందుల నిండా చేపపిల్లలు! ఒడ్డుకు రాగానే ఫోన్ చేసి, "దిగాయి మేడం!" అని అరిచాను.

అటునుంచి అంతకన్నా పెద్ద కేక: "బేగి సెప్పు, అక్కణ్ణుంచి ఎటెల్తాయి?"