రాతికొండ మీది మొగుడు

ఇందో రాంతె తన మొగుణ్ణి రెండుసార్లు పోగొట్టుకుంది. మొదటిసారి జ్వరం తీసుకుపోయింది. రెండోసారి మరిది తీసుకుపోయాడు.

మొదటిసారి ఏడ్చింది. దున్నపోతుల్ని కోయించి ఊరందరికీ పెట్టింది. మొగుడు సాంపె పోలికతో పనసచెక్క బొమ్మ చెక్కించి, తన చేత్తో కుట్టిన చొక్కా తొడిగి, కొండరాతిలో తొలిచిన అరుగు మీద తాతముత్తాతల బొమ్మల పక్కన నిలబెట్టింది. ఆ బొమ్మల్ని చూడ్డానికే దేశదేశాలవాళ్లు ఆ తొరాజా కొండసీమకి వస్తారు. వాళ్లను వెంటేసుకుని తిప్పేది మరిది తండిలంగి.

ఒకనాడు చూస్తే అరుగు మీద సాంపె లేడు.

"దొంగలు పడ్డారు వదినా!" అని తండిలంగి గుండెలు బాదుకున్నాడు. ఆమె నమ్మింది.

మిరపకాయలు అమ్ముకోడానికి బస్తీకి వెళ్లిన రోజు దాకా నమ్మింది. పాతసామాన్ల కొట్టు లోపల సాంపె నిలబడి ఉన్నాడు. మెడ దగ్గర బొత్తాం తన రవికెది, తనే తెంపి కుట్టింది.

"ఎవరమ్మారు?" అంటే కొట్టువాడు నవ్వాడు. "తెల్లవాళ్లకి కొండ చూపిస్తాడే, మీవాడే."

ఆమె ఇంటికొచ్చి దక్షిణపు గదిలో తల్లి పక్కన కూర్చుంది. తల్లికి ఊపిరి ఆగి ఏడాది దాటింది. అయినా పెద్దదినం జరిగేదాకా అక్కడ ఎవరూ చచ్చినట్టు కాదు, జబ్బుతో పడుకున్నట్టే. పొద్దున్నే ఆమెకు కాఫీ పెట్టి చెప్పేది: "కాస్త ఓపిక పట్టమ్మా. నీ పెద్దదినానికి వాడొస్తాడు. రాక చస్తాడా, తెల్లవాళ్ల గుంపుని తోలుకురావాలిగా!"

వచ్చాడు. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ధాన్యపుకొట్టు కింద పెద్దల వరసలో కూర్చుని, కల్లు తాగుతూ తన గుంపుకి చెబుతున్నాడు: "మాంసం పంచేటప్పుడు మంచె మీంచి పేరు పెట్టి పిలుస్తారు. ఎవరికి ఏ ముక్క వస్తే అదే వాళ్ల పరువు. ఇప్పుడు నా పేరు వినండి."

మంచె మీదున్నది ఇందో రాంతె పినతండ్రి కొడుకు. గొంతెత్తాడు.

"తండిలంగీ! ఈ ఇంట్లో నీకు ముక్క లేదు. నీ వాటా ముందే తినేశావు. అన్నను అమ్ముకు తిన్నావు!"

 ఎవరో ముసలామె కిసుక్కుమంది.

"ఏమన్నారు? నీకేం వచ్చింది?" అని తెల్లపిల్ల ఒకతె అడిగింది. ఇంతసేపూ అన్నీ వాళ్ల భాషలోకి తిరగేసి చెప్పినవాడికి ఆ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదు.

"వదినా, పదిమందిలో ఇలాగా?"

"పదిమందిలో నిలబెట్టినవాణ్ణే కదరా నువ్వెత్తుకుపోయింది! తెచ్చి నిలబెట్టు. అప్పుడు పిలిపిస్తాను నిన్ను ముక్కకి."

నెల తిరక్కుండా సాంపె తిరిగొచ్చాడు. ఆమె కొత్త చొక్కా తొడిగింది, బొత్తాం మాత్రం పాతదే ఉంచింది. మిగతా బొమ్మలన్నీ లోయ వైపు చూస్తుంటే, సాంపెని మాత్రం గుంపులొచ్చే బాట వైపు తిప్పి పెట్టించింది. తండిలంగి ఇప్పుడు ఆ బాట మానేసి జనాన్ని పొలాల బురదలోంచి చుట్టూ తిప్పి తీసుకొస్తున్నాడు.

ఆ తర్వాత ఇందో రాంతె మేనమామ పెద్దదినానికి మంచె మీంచి అతని పేరు పిలిచారు. ముక్క వచ్చి కాళ్ల దగ్గర పడింది. గిట్ట.

తండిలంగి ఆమె వైపు చూశాడు.

"పిలిపిస్తానన్నాను, పిలిపించాను," అంది ఇందో రాంతె, వక్క నములుతూ. "ఏ ముక్కో చెప్పానా?"